మూడు చాలునా, నాలుగు కావాలా?

"అయ్యగారూ, మా మనవడు సిక్స్‌త్ ఫారంలో చేరుతున్నాడు!"

2023 ఆగస్టులో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపెద్ద ఒకరు నా చేయి పట్టుకొని సంతోషముతో చెప్పిన మాట ఇది. పక్కనే చాపలు చుడుతున్న యౌవనస్థులు ముసిముసిగా నవ్వుకున్నారు. పదహారేళ్ల పిల్లవాడు ఆరవ తరగతిలో చేరడమేమిటని వారి నవ్వు. పెద్దాయన మాత్రము ఆ మాటను ఎంతో గౌరవముగా పలికారు. ఆయనకు ఎనభై యేండ్లు దగ్గరపడ్డాయి. ఆయన చదువుకున్న కాలములో పాత మద్రాసు పద్ధతి ప్రకారము హైస్కూలు తరగతులను ఫస్ట్ ఫారం, సెకండ్ ఫారం అని పిలిచేవారు. సిక్స్‌త్ ఫారం అంటే ఎస్.ఎస్.ఎల్.సి. అన్నమాట. అది పూర్తిచేసినవాడు ఊరికి ఒకరిద్దరు ఉండేవారు.

ఆ మనవడు ఉన్నది ఇంగ్లండులో. పెద్దాయన కుమార్తె మిషను ఆసుపత్రిలో నర్సింగు చదివి, 2017లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగము దొరికి కుటుంబముతో వెళ్లింది. మన సంఘములలో ఇటువంటి కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. తాతయ్యలు, అమ్మమ్మలు ఇక్కడ. పిల్లలు, వారి చదువులు అక్కడ. కాని సలహా మాత్రము ఇక్కడినుండే వెళ్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఉన్నది.

ఆ రాత్రే ఆ సహోదరి ఫోను చేసింది.

"వందనాలండీ అయ్యగారూ. బాబుకు స్కూల్లో మూడు సబ్జెక్టులు చాలంటున్నారు. నాన్నగారేమో, పదవ తరగతిదాకా తొమ్మిది చదివినవాడు మూడే చదవడమేంటి, తగ్గించుకుంటారా ఎవరైనా అంటున్నారు. ఇక్కడ మన తెలుగువాళ్లు ఒకరు, మా పిల్లలు నాలుగు తీసుకున్నారు అని చెప్పారు. మీరొక మాట చెప్పండి."

నేను ఆ దేశపు చదువును గురించి ఏమీ ఎరుగను. ఎరుగనని చెప్పవలసినది. చెప్పలేదు. "డాక్టరు కావాలనుకుంటున్నాడు గదా అమ్మా, నాలుగు తీసుకోమను. ఎక్కువ చదివితే నష్టమేముంది?" అన్నాను. కాపరి మాట కదా అని వారు అలాగే చేశారు. బయాలజీ, కెమిస్ట్రీ, మాథ్స్, ఫిజిక్స్.

ఆ డిసెంబరులో ఆమె మళ్లీ ఫోను చేసింది. నైట్ డ్యూటీ ముగించుకొని ఉదయము ఇల్లు చేరేసరికి బాబు పుస్తకముల మీద తల పెట్టి నిద్రపోతున్నాడట. బడికి వెళ్లవలసిన వేళ దాటిపోయింది. స్కూల్లో పెట్టిన పరీక్షలలో కెమిస్ట్రీకి డి, ఫిజిక్సుకు ఇ వచ్చాయి. నెలకు ఒకసారి తెలుగు కుటుంబములు కూడుకొనే ఆరాధనలో వాడు కీబోర్డు వాయించేవాడు. రెండు నెలలుగా అక్కడికి కూడా రావడము మానేశాడు. "మాట్లాడించినా పలకడం లేదండీ" అన్నది ఆమె. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అప్పుడు గాని నేను తెలుసుకోవడానికి ప్రయత్నము చేయలేదు. ఆ స్కూలువారి చిన్న పుస్తకము పంపించమన్నాను. ఆ దేశములో పాఠము చెప్పే మన విశ్వాసి ఒకరిని అడిగి, తెలియని సంగతులు వ్రాసుకున్నాను. తెలిసినది ఇది.

ఇంగ్లండులో పదహారేళ్లకు జి.సి.ఎస్.ఇ. అనే పరీక్షలు వ్రాస్తారు. అందులో ఎనిమిది నుండి పది సబ్జెక్టులు ఉంటాయి. అది మన పదవ తరగతి వంటిది. పూర్వము అక్కడ కూడా హైస్కూలు తరగతులను ఫారములని పిలిచేవారు గనుక, దాని తరువాతి రెండేండ్ల చదువుకు సిక్స్‌త్ ఫారం అనే పేరు నిలిచిపోయింది. మన పెద్దాయన మాటకు, ఆ మాటకు చుట్టరికము ఉన్నదన్నమాట. ఈ రెండేండ్లలో చదివేవి ఏ-లెవెల్ సబ్జెక్టులు. 1951లో మొదలైన పరీక్ష అది. ఎక్కువమంది పిల్లలు మూడే చదువుతారు. కాని ఆ మూడింటిని లోతుగా చదవాలి. వారానికి ఒక్కొక్క సబ్జెక్టుకు నాలుగైదు గంటల క్లాసులు ఉంటాయి. దాదాపు అంత సమయము సొంతముగా కూడా చదవాలి. క్లాసుల మధ్యలో ఖాళీ పీరియడ్లు ఇచ్చేది అందుకే. మనవారు చూస్తే, "మూడు సబ్జెక్టులు, సగము రోజు ఖాళీ, ఇదేమి చదువు?" అనిపిస్తుంది. నాలుగవ సబ్జెక్టు తీసుకున్న పిల్లవానికి ఆ ఖాళీ గంటలే మొదట పోతాయి. తరువాత నిద్ర పోతుంది.

మన ఇంటర్మీడియట్‌తో పోల్చి చూడడమే నా పొరపాటుకు మూలము. మేము చదివిన రోజుల్లో ఇంగ్లీషు, రెండవ భాష, మూడు గ్రూపు సబ్జెక్టులు ఉండేవి. మొదటి సంవత్సరము పరీక్ష మొదటి సంవత్సరములోనే అయిపోయేది. అక్కడ ఇప్పుడు ఏ-లెవెల్‌కు రెండేండ్ల చదువంతా చివరి వేసవిలోనే వ్రాయాలి.

మరి ఆ తెలుగు కుటుంబము వారు తమ పిల్లలు నాలుగు చదివారని చెప్పినది అబద్ధమా? కాదు. 2000 సంవత్సరములో అక్కడ ఒక మార్పు వచ్చింది. మొదటి ఏడు నాలుగు సబ్జెక్టులు తీసుకొని ఏ.ఎస్. అనే పరీక్ష వ్రాసి, రెండవ ఏడు ఒకటి వదిలేసి మూడింటితో ముగించడము అప్పుడు వాడుకైంది. ఆ ఏ.ఎస్. మార్కులు పెద్ద పరీక్షలో కలిసేవి కూడా. 2015 నుండి ఇంగ్లండులో ఆ రెండింటిని విడదీశారు. అప్పటినుండి మొదటి ఏడు నాలుగు తీసుకొనే అలవాటు చాలా స్కూళ్లలో తగ్గిపోయింది. ఆ పెద్ద కుటుంబము పిల్లలు చదివినది పాత పద్ధతిలో. వారు చెప్పినది నిజమే, కాలము మాత్రము మారిపోయింది. సలహా ఇచ్చే బంధువులను "మీ పిల్లలు ఏ సంవత్సరములో చదివారండీ?" అని ఒక్క ప్రశ్న అడగడము మంచిది.

స్కాట్లాండులో ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. అక్కడ హయ్యర్లు అనే వేరే పరీక్షలు, ఒక ఏడులో నాలుగైదు వ్రాయడము మామూలు. ఇంగ్లండులో కూడా, మూడు సబ్జెక్టులు మరీ ఇరుకు కాదా అనే చర్చ ఎప్పుడూ ఉన్నదే. 2023 అక్టోబరులో అప్పటి ప్రధానమంత్రి రిషి సునాక్ పిల్లలందరు ఐదు సబ్జెక్టులు చదివేలా కొత్త పద్ధతి తెస్తామన్నారు. 2024లో ప్రభుత్వము మారింది, ఆ ఆలోచనను పక్కన పెట్టారు. మన పెద్దాయన అనుమానము అక్కడి పెద్దలకూ ఉన్నదన్నమాట!

ఇక అసలు సంగతి, విశ్వవిద్యాలయములు ఏమి అడుగుతాయి? చాలావరకు మూడు సబ్జెక్టులలో గ్రేడులు అడుగుతాయి. మెడిసిన్‌కు మూడు ఏలు, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ. నాలుగవది చదివావు గనుక మూడింటిలో కాస్త తగ్గినా పరవాలేదు అని సాధారణముగా అనరు. పాయింట్ల లెక్క కూడా ఒకటి ఉన్నది. ఏకు 48, బికి 40. మూడు ఏలు వస్తే 144, నాలుగు బిలు వస్తే 160. మన కంటికి 160 పెద్దది. కాని మూడు ఏలు కావాలన్న చోట నాలుగు బిలు పట్టుకొని వెళ్తే తలుపు తెరవరు. పాయింట్లనుబట్టి తీసుకొనే కోర్సులు కూడా ఉన్నాయి. అక్కడ నాలుగవది కలుపుతారా లేదా అనేది ముందుగా ఆ విశ్వవిద్యాలయమునే అడిగి తెలుసుకోవాలి.

మా బాబుకు ఫిజిక్సు దేనికి తీసుకున్నట్టు? మెడిసిన్‌కు కెమిస్ట్రీ దాదాపు అంతటా కావాలి, బయాలజీ చాలాచోట్ల కావాలి. మూడవది మాథ్స్ ఉన్నది. ఫిజిక్సును ఎవరూ అడగలేదు, నేను తప్ప.

నాలుగు తీసుకోవడమే తప్పని నేను చెప్పడము లేదు. లెక్కలంటే ప్రాణమిచ్చే పిల్లలకు ఫర్దర్ మాథ్స్ అనే సబ్జెక్టు వేరుగా ఉన్నది. కేంబ్రిడ్జిలో గణితము చదవాలంటే అది ఉండవలసిందే. అది మామూలు మాథ్స్‌కు తోడుగా నడుస్తుంది గనుక, పూర్తిగా కొత్త సబ్జెక్టంత బరువు అనిపించదని ఆ ఉపాధ్యాయుడు చెప్పారు. డాక్టరా, ఇంజనీరా అని ఇంకా తేలని పిల్లలు సెప్టెంబరులో నాలుగింటితో మొదలుపెట్టి, కొన్ని వారాలలో ఒకటి వదిలేయవచ్చు. చాలా స్కూళ్లు దీనికి ఒప్పుకుంటాయి. అయితే వదిలేయడము ఓడిపోవడము కాదని ఇంట్లో ముందే అనుకోవాలి. మా బాబు అక్టోబరులోనే వదిలేద్దామనుకున్నాడట. తాతయ్యకు, పాస్టరు గారికి ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1997లో నేను ఇంటర్మీడియట్ బై.పి.సి. చదువుతూ, సాయంకాలము టైపు, ఆదివారము మధ్యాహ్నము హిందీ ప్రచార సభ పరీక్షలకు క్లాసులు, అన్నీ ఒకేసారి పెట్టుకున్నాను. ఏదో ఒకటి తగులుతుందని మా నాన్నగారి ఆశ. ఆ ఏడు ఫిజిక్సు తప్పాను. టైపు లోయరు కూడా తప్పాను. హిందీ ఒక్కటి గట్టెక్కింది. ఇప్పటివరకు దానితో నాకు పని పడలేదు. ఇంత అనుభవము ఉండి కూడా మరొకరి బిడ్డకు "ఎక్కువ చదివితే నష్టమేముంది" అని ఎలా చెప్పానో నాకే తెలియదు. బహుశా ఆ మాట నాది కాదు, మా నాన్నగారిది. చదువు దొరకని తరము నుండి వచ్చినవారము. పెట్టినదంతా పళ్లెములో వేసుకోవడము మనకు అలవాటు.

2024 జనవరిలో బాబుతో నేనే మాట్లాడాను. "నాయనా, నేను తెలియక చెప్పాను, నన్ను క్షమించు" అన్నాను. కాసేపు ఏమీ పలకలేదు. తరువాత, "పర్లేదు పాస్టర్ గారూ, తాతయ్యకు మీరు చెప్తారా?" అని అడిగాడు. చెప్పాను. పెద్దాయన సంగతంతా విని, "అయితే వాడు తగ్గలేదన్నమాట" అన్నారు. "తగ్గలేదండీ" అన్నాను. ఆయనకు కావలసినది ఆ ఒక్క మాటే. బాబు ఫిజిక్సు వదిలేశాడు. ఫిబ్రవరిలో కీబోర్డు దగ్గరకు తిరిగి వచ్చాడని తల్లి ఫొటో పంపించింది.

తరువాత అంతా సాఫీగా జరిగిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. అక్కడ ఒక విద్యార్థి ఐదు చోట్ల దరఖాస్తు చేయవచ్చు, అందులో మెడిసిన్‌కు నాలుగే. మెడిసిన్‌కు దరఖాస్తు అక్టోబరు 15లోగా పంపాలి, దానికి వేరే ప్రవేశపరీక్ష ఒకటి ఉన్నది. ఆ పరీక్షలో బాబుకు మార్కులు చాలలేదు. నాలుగు చోట్లా కాదన్నారు. ఐదవది ఫార్మసీకి పెట్టుకున్నాడు, అది దొరికింది. 2025 ఆగస్టులో ఒక ఏ, రెండు బిలు తెచ్చుకొని ఆ కోర్సులో చేరాడు. ఇక్కడ సంఘములో ఒకరిద్దరు, "నాలుగు చదివి ఉంటే మెడిసిన్ వచ్చేదేమో" అన్నారు. ఆ నాలుగింటితో వాడు డిసెంబరులో ఎలా ఉన్నాడో వారు చూడలేదు.

అదే నెలలో వాడి చెల్లెలు జి.సి.ఎస్.ఇ. పూర్తిచేసింది. మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి తల్లి కాదు, ఆ పాపే మాట్లాడింది. మాథ్స్, ఫర్దర్ మాథ్స్, ఫిజిక్స్, వాటితో పాటు ఆర్ట్, మొత్తము నాలుగు తీసుకుంటానని చెప్పింది. నాకు గుండె ఝల్లుమన్నది. అయినా సలహా చెప్పలేదు.

"ఆర్ట్ ఎందుకమ్మా?" అని మాత్రము అడిగాను.

"వంతెనలు గీయాలని ఉందండీ పాస్టర్ గారూ. కట్టాలని కూడా. ఒకవేళ ఎక్కువైతే ఏది వదిలేయాలో అన్నయ్యా నేనూ ముందే అనుకున్నాం."

ఏది వదిలేస్తావని నేను అడగలేదు. తాతయ్యకు ఫోను ఇమ్మన్నది, ఇచ్చాను.