అల్లాయ్ చక్రాల పునరుద్ధరణ: ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు

లక్ష్యాలు
ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
• అల్లాయ్ చక్రానికి బలం ఎలా వస్తుందో వివరించగలరు.
• పైపై నష్టానికీ, నిర్మాణ నష్టానికీ తేడా గుర్తించగలరు.
• పునరుద్ధరణ దశలను వరుసగా చెప్పగలరు.
• ఏ చక్రాన్ని తిరస్కరించాలో నిర్ణయించగలరు.

1. పరిచయం
ఫుట్‌పాత్ అంచుకు రాసుకుని గీతలు పడడం, రంగు పెచ్చులూడడం, గుంటలో పడి అంచు వంగడం అల్లాయ్ చక్రాలకు తరచుగా జరిగేవే. కొత్త చక్రం ఖరీదు కనుక చాలామంది పాతదాన్నే బాగుచేయిస్తారు.

కొన్నేళ్ల క్రితం నా కారు చక్రం లోపలి అంచు వంగింది. ఒక షాపులో గ్యాస్ మంటతో వేడిచేసి, సుత్తితో సరిచేసి, రంగు వేసి ఇచ్చారు. చూడడానికి కొత్తదానిలా ఉంది. మూడు నెలల తర్వాత వారానికోసారి గాలి తగ్గడం మొదలైంది. టైరుకు పంక్చరు లేదు. చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే సరిచేసిన చోట బుడగలు వచ్చాయి. రంగు కింద వెంట్రుకంత పగులు ఉంది. లోహశాస్త్రం బోధించిన నేను ఆ రోజు పక్కనే నిలబడి కూడా ‘ఎంత వేడి?’ అని అడగలేదు. ఈ పాఠానికి ఆ ప్రశ్నే కేంద్రం.

2. చక్రానికి బలం ఎలా వస్తుంది?
చక్రాల పోతకు విరివిగా వాడే మిశ్రలోహం ఏ356. ఇందులో అల్యూమినియంతోపాటు సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం కంటే తక్కువ మెగ్నీషియం ఉంటాయి. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులోకి చక్కగా పారుతుంది. మెగ్నీషియం సిలికాన్‌తో కలిసి అతిసూక్ష్మ కణాలుగా ఏర్పడి లోహాన్ని గట్టిపరుస్తుంది.

ఈ కణాలు ఏర్పడడానికి చక్రాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచి, నీటిలో వేగంగా చల్లార్చి, తిరిగి 155 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు వేడిచేస్తారు. దీనిని టీ6 ఉష్ణోపచారం అంటారు. తర్వాత ఎప్పుడైనా చక్రం అతిగా వేడెక్కితే ఈ కణాలు పెద్దవై, వాటి మధ్య దూరం పెరిగి, లోహం మెత్తబడుతుంది. ముదిరిన పాకం చల్లారినంత మాత్రాన లేతపాకం కాదు, ఇదీ అంతే.

3. నష్టాల రకాలు
(అ) పైపై నష్టం: గీతలు, వెలిసిన రంగు, లక్క పూత కింద దారపు పోగుల్లా పాకే తుప్పు. గీతలు లోతుగా లేకపోతే వీటిని బాగుచేయవచ్చు.
(ఆ) నిర్మాణ నష్టం: పగుళ్లు, వంగిన స్పోకులు, ఊడిన ముక్కలు, నట్ల రంధ్రాల అరుగుదల.

పగులు ఎందుకు ప్రమాదకరమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. అంటే కిలోమీటరుకు 510 చుట్లకు పైగా, 20,000 కిలోమీటర్లకు దాదాపు కోటి చుట్లు. ప్రతి చుట్టులోనూ లోహం ఒకసారి ఒత్తిడికి లోనై తేరుకుంటుంది. ఇలా పదేపదే జరిగితే లోహం అలసిపోతుంది. ఉక్కుకు ఉన్నంత స్పష్టమైన అలసట హద్దు అల్యూమినియానికి లేదు. అందువల్ల వెంట్రుకంత పగులు కూడా క్రమంగా పెరుగుతుంది.

4. పైపై నష్టానికి పునరుద్ధరణ దశలు
1. టైరు, వాల్వు, బేలన్సింగ్ బరువులు తీసి చక్రాన్ని శుభ్రంగా కడగాలి.
2. పాత పూతను రసాయనంతో గాని, సన్నని రేణువులను చిమ్మి గాని తొలగించాలి. మంటతో కాల్చి తీయరాదు.
3. ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాలి. పగులులో దాగిన ఎరుపు పైకి వస్తుంది. ఈ పరీక్షను రంగు వేయడానికి ముందే చేయాలి.
4. చక్రాన్ని తిప్పుతూ డయల్ గేజితో వంకర కొలవాలి.
5. గీతలను గరుకు కాగితంతో నునుపు చేసి ప్రైమరు, రంగు, లక్క వరుసగా వేయాలి. నట్లు కూర్చునే చోట, హబ్‌కు ఆనే ముఖం మీద మందంగా రంగు పడకూడదు. ఆ పొర నలిగితే నట్లు వదులవుతాయి.
6. బేలన్సింగ్ చేసి, తయారీదారు చెప్పిన బిగింపు మేరకు టార్క్ రెంచితో బిగించాలి. కొంత దూరం నడిపాక మళ్లీ సరిచూడాలి.

లేత్ మీద చెక్కి మెరుపు తెచ్చే చక్రాల విషయంలో ప్రతిసారీ కొంత లోహం పోతుంది. కాబట్టి ఆ పని పదేపదే చేయడానికి వీల్లేదు.

5. వేడితో జాగ్రత్త
పౌడర్ పూతను సాధారణంగా 180–200 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాలు కాలుస్తారు. కర్మాగారాల్లోనూ ఈ పూత వాడతారు, కాబట్టి పూత దోషం కాదు. ఉష్ణోగ్రత, సమయం అదుపు తప్పడమే దోషం. గ్యాస్ మంటకు ఆ అదుపే లేదు. ఉక్కు ఎర్రబడి మనల్ని హెచ్చరిస్తుంది. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగే స్థితికి చేరుతుంది. వెల్డింగ్‌లో అతుకు పక్కనున్న లోహం తన టీ6 బలాన్ని కోల్పోతుంది. అతుకు ఎంత అందంగా ఉన్నా దాని పక్కభాగం బలహీనమే.

6. సారాంశం
రంగును పునరుద్ధరించవచ్చు, పోయిన బలాన్ని షాపులో తిరిగి తేలేము. పగిలిన చక్రాన్ని తిరస్కరించడం వృథా కాదు. పాత అల్యూమినియాన్ని కరిగించడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి అయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. ఆ చక్రం కొలిమికి చేరితే మళ్లీ ఉపయోగపడుతుంది. రోడ్డు మీదికి మాత్రం రాకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. టీ6 ఉష్ణోపచారం దశలను రాయండి.
2. పగుళ్ల పరీక్షను రంగు వేయడానికి ముందే ఎందుకు చేయాలి?
3. ‘వెల్డింగ్ చేసిన చక్రం గాలి నిలుపుతోంది, కాబట్టి అది సురక్షితం.’ ఈ వాదనను విమర్శించండి.