బ్యాంకు అందరిదీ

బ్యాంకు ఎవరిది? డబ్బున్న వాళ్లదా? చదువుకున్న వాళ్లదా? మంచి బట్టలు కట్టుకున్న వాళ్లదా? చాలామంది అట్లాగే అనుకుంటారు. అందుకే బ్యాంకు గడప తొక్కడానికి జంకుతారు. కానీ సంతకం చెయ్యడం రాని ఆడవాళ్లు ఏకంగా ఒక బ్యాంకునే పెట్టారు. ఆ సంగతి తెలుసుకుందాం.

పొద్దున 50, సాయంత్రం 55

గుజరాత్‌లో అహమదాబాద్ పెద్ద నగరం. అక్కడ వేలమంది ఆడవాళ్లు కూలీనాలీ చేసుకుని బతుకుతారు. కొందరు తట్టలో కూరగాయలు అమ్ముతారు. కొందరు బరువులు మోస్తారు. కొందరు బీడీలు చుడతారు.

కూరగాయలు అమ్మాలంటే ముందు సరుకు కొనాలి. చేతిలో డబ్బు ఉండదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. పొద్దున 50 రూపాయలు తీసుకుంటే సాయంత్రం 55 కట్టాలి.

5 రూపాయలే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. రోజుకు 5 చొప్పున 30 రోజులకు వడ్డీ 150 రూపాయలు. తీసుకున్నది మాత్రం 50. కష్టం ఆమెది, లాభం వ్యాపారిది.

1969లో కేంద్ర ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. పేదలకూ అప్పులివ్వాలని చెప్పింది. ఈ ఆడవాళ్లూ బ్యాంకులకు వెళ్లారు. చంకలో పిల్లలు, మాసిన బట్టలు, ఫారం నింపడం రాదు. అక్కడ వాళ్లకు మర్యాద దొరకలేదు. పని మానుకుని వెళ్లినా పని కాలేదు.

మన బ్యాంకు మనమే పెట్టుకుందాం

ఈ ఆడవాళ్లకు సేవా అనే సంఘం ఉంది. 1972లో ఇలాభట్ దాన్ని స్థాపించారు. సంఘం సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, మన బ్యాంకు మనమే పెట్టుకోవచ్చు కదా అని అడిగింది. మనం పేదవాళ్లమే, కానీ చాలామందిమి ఉన్నాం కదా అంది.

4,000 మంది తలా 10 రూపాయలు వేశారు. మొత్తం 40,000 రూపాయలు అయింది. కానీ అధికారులు అడ్డు చెప్పారు. చదువు రాని ఆడవాళ్లు బ్యాంకు ఎట్లా నడుపుతారన్నారు. కాగితాల మీద సంతకాలు ఎవరు పెడతారన్నారు.

బ్యాంకు పెట్టడానికి ముందుకొచ్చిన 15 మందీ రాత్రంతా కూర్చున్నారు. తమ పేరు రాయడం నేర్చుకున్నారు. తర్వాత కాగితాల మీద సంతకాలు పెట్టారు. 1974లో సేవా సహకార బ్యాంకు మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది.

మరి సంతకం రాని ఖాతాదారుల మాటేమిటి? పాసుపుస్తకం మీద ఫోటో అంటించారు. ముఖమే గుర్తు అయింది. సంతకం రాలేదని ఎవరినీ వెనక్కి పంపలేదు.

నోటి లెక్క గెలిచింది

మహారాష్ట్రలోనూ ఇట్లాంటిదే జరిగింది. సతారా జిల్లా మ్హస్వడ్‌లో చేతనా సిన్హా, పల్లె ఆడవాళ్లు కలిసి బ్యాంకు పెట్టాలనుకున్నారు. రిజర్వు బ్యాంకు ఒప్పుకోలేదు. వీళ్లకు చదువు రాదు అంది.

ఆడవాళ్లు నిరాశ పడలేదు. ఊరికి వచ్చి చదువు మొదలుపెట్టారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లారు. మాకు ఏ మొత్తం మీదైనా వడ్డీ లెక్క ఇవ్వండి, నోటితో చెప్తాం అన్నారు. మీవాళ్లను లెక్కల యంత్రంతో చెయ్యమనండి, ఎవరు ముందు చెప్తారో చూద్దాం అన్నారు. అనుమతి వచ్చింది. 1997లో మాణ్ దేశీ మహిళా బ్యాంకు మొదలైంది.

చదువు రాకపోతే తెలివి లేనట్టు కాదు. తెలివికి చదువు తోడైతే ఎదురు ఉండదు.

మన దగ్గర

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడ్డారు. తర్వాత ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు చెయ్యడం మొదలుపెట్టారు. అదే 1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని ప్రారంభించింది. ఒక్కొక్కరికి ఇవ్వని అప్పు పదిమంది కలిస్తే ఇచ్చారు. పొలం కాగితాలు, బంగారం తాకట్టు అడగలేదు. సంఘం మాటే హామీ అయింది.

మీ హక్కులు తెలుసుకోండి

సంతకం రాకపోయినా వేలిముద్రతో ఖాతా తెరవవచ్చు.

ప్రాథమిక పొదుపు ఖాతాలో ఇంత డబ్బు నిల్వ ఉంచాలనే నియమం లేదు. ఒక్క రూపాయి లేకపోయినా ఆ ఖాతా ఉంటుంది.

కళ్లు కనిపించని వాళ్లకూ చెక్కు పుస్తకం, ఏటీఎం కార్డు ఇవ్వాలి. కళ్లు లేవని కాదనకూడదు.

బ్యాంకు ఫారాల్లో ఆడ, మగ అనే రెండే గడులు ఉండేవి. ట్రాన్స్‌జెండర్ల కోసం మూడో గడి కూడా పెట్టాలని 2015లో రిజర్వు బ్యాంకు చెప్పింది.

బ్యాంకు మీ మాట వినకపోతే ముందు అక్కడే రాసి ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. దానికి రుసుము లేదు. వివరాలకు 14448కి ఫోన్ చెయ్యండి.

ఒక జాగ్రత్త

ఇప్పుడు ఊళ్లోకే చిన్న యంత్రం వస్తోంది. వేలు పెడితే డబ్బు ఇస్తారు. మంచిదే. కానీ వేలు పెట్టే ముందు ఎంత మొత్తమో అడగండి. యంత్రం మీద అంకె మీరే చదవండి. డబ్బు లెక్కపెట్టుకోండి. రసీదు అడిగి తీసుకోండి. వేలు పడలేదు, మళ్లీ పెట్టు అంటే, మొదటిసారి డబ్బు పోయిందో లేదో చూపించమనండి. ఖాళీ కాగితం మీద మాత్రం వేలిముద్ర గానీ సంతకం గానీ ఎవరికీ పెట్టకండి.

అంకెలు చదవడం వచ్చిన వాళ్లను మోసం చెయ్యడం కష్టం.

చర్చించండి

1. మీ ఊళ్లో బ్యాంకు ఖాతా లేనివాళ్లు ఎవరెవరు? ఎందుకు లేదు?
2. వంద రూపాయలకు నెలకు 3 రూపాయల వడ్డీ అయితే, 2,000 రూపాయలకు ఏడాదికి ఎంత అవుతుంది?
3. మీ పాసుపుస్తకం తెరవండి. చివరి వరుసలో ఏం రాసి ఉంది? చదివి పక్కవాళ్లకు చెప్పండి.