జర్మన్ "మీరు" మన "జీ" లాంటిదే!

"తొర్రూరులో పొయ్యి ముందు నిలబడి జర్మన్ ఏందమ్మా!" అని నవ్వకండి. నర్సింగ్ చదివిన మా పెద్దమ్మాయికి జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి దాకా భాష రావాలి. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. పిల్ల పాఠాలు అప్పజెబుతుంటే పోపు వేస్తూ విని, ఇంటర్‌తో ఆగిన నేనూ నాలుగు ముక్కలు పట్టేశాను!

అసలు కథ వినండి. కాగితాలు ఆలస్యమై, చేరే తేదీ ఒక నెల వెనక్కి జరపమని ఆసుపత్రికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇంగ్లీషు అలవాటుతో మా అమ్మాయి "ఇష్ విల్" అని మొదలుపెట్టింది. పంపేముందు టీచరమ్మకు చూపించింది కాబట్టి సరిపోయింది. జర్మన్‌లో ఆ మాటకు "నాకు కావాలి" అని అర్థమట! ఉద్యోగం ఇచ్చేవాళ్ళ దగ్గర మొండిగా అడిగినట్టే గదా? నా గుండె ఝల్లుమంది.

మరి మర్యాదగా ఎలా అడగాలి? మీ పిల్లలకూ పనికొస్తాయి, రాసిపెట్టుకోండి.

* పేరు తెలియనివారికి రాస్తే: "జేర్ గెయేర్టె డామెన్ ఉంట్ హెరెన్" (గౌరవనీయులైన అమ్మలకు, అయ్యలకు).
* కోరుతున్నప్పుడు: "ఇష్ మ్యోష్టె జీ హ్యోఫ్లిష్ బిట్టెన్" (మిమ్మల్ని మర్యాదగా కోరుతున్నాను).
* సాయం అడిగేటప్పుడు: "క్యోన్టెన్ జీ బిట్టె" (దయచేసి మీరు చేయగలరా).
* ముగింపులో: "మిట్ ఫ్రాయింట్‌లిషెన్ గ్ర్యూసెన్" (స్నేహపూర్వక నమస్కారాలతో).

ఇందులో "జీ" అంటే "మీరు". గాంధీజీలో జీ లాంటిదనుకుంటే ఇక మరిచిపోరు! మనం ఒక్క అత్తగారినే "వచ్చారు" అని బహువచనంలో అంటాం చూడండి, వాళ్ళదీ అదే పద్ధతి. "నువ్వు"కు "డూ" అనే మాట ఉంది. ఇంట్లోవాళ్ళను, స్నేహితులను, పసిపిల్లలను, ఆఖరికి దేవుణ్ణి కూడా "డూ" అనే పిలుస్తారు. మన దగ్గరా అమ్మను, దేవుణ్ణి "నువ్వు" అనే అంటాం కదా! ఆఫీసులో మాత్రం పెద్దవాళ్ళు తామే "డూ అనుకుందాం" అనేదాకా "జీ" వదలకూడదు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ఉత్తరంలో ఆడవాళ్ళ ఇంటిపేరు ముందు "ఫ్రావ్" అని రాస్తారు. పెళ్ళికాని అమ్మాయిలకు "ఫ్రాయిలైన్" అని వేరే మాట ఉండేది. 1972లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం తన కార్యాలయాల్లో దాన్ని మానేయమంది. పెళ్ళైందా లేదా అన్నది ఉత్తరానికెందుకు, చెప్పండి?

ఇంటిపేరు అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్ళు చివర. పాస్‌పోర్టులో ఏది ఇంటిపేరుగా పడిందో చూసుకుని, అన్ని కాగితాల్లో అలాగే రాయించండి.

దిద్దిన ఉత్తరం వెళ్ళిన వారానికి జవాబొచ్చింది. "జేర్ గెయేర్టె ఫ్రావ్..." అని మా ఇంటిపేరుతో మొదలుపెట్టి, తేదీ మార్చడానికి ఒప్పుకున్నారు! ఊళ్ళో అందరూ "ఓ పిల్లా" అని పిలిచే నా బిడ్డను అంత గౌరవంగా రాశారు. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. భాష కొత్తదే కానీ, మర్యాద మన ఇంట్లోదే కదా!