బిడ్డకు పత్రం సరే.. తల్లికేదీ ఊతం?

నార్సింగి: ఔటర్ రింగురోడ్డు దిగగానే నార్సింగిలో మూడు లోకాలు కనిపిస్తాయి. కోకాపేట దాకా బారులుతీరిన బహుళ అంతస్తుల భవనాలు, వాటి మధ్య పాత ఊరి ఇళ్లు, ఆ వెనుక నిర్మాణ కూలీల రేకుల షెడ్లు. జీతాలు వేరు, భాషలు వేరు. అయినా కూర్చోలేని, మింగలేని, మాటరాని బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం రోజు ఒకే తీరున గడుస్తుంది.

అలాంటి బిడ్డకు అన్నం తినిపించడానికే ఒక్కో పూటకు గంట పడుతుంది. తల నిటారుగా నిలిపి, మెత్తగా చేసి కొద్దికొద్దిగా పెట్టాలి. పడుకోబెట్టి పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మూర్ఛ మందు వేళ తప్పకూడదు. ఒత్తిడి పుండ్లు పడకుండా రాత్రి కూడా లేచి పక్కకు తిప్పాలి. ఈ పనంతా ఎక్కువ ఇళ్లలో తల్లిదే. పుట్టినప్పుడు ప్రాణవాయువు అందకపోవడం, నెలలు నిండని కాన్పు, తీవ్రమైన కామెర్లు, జన్యులోపాలు ఇందుకు ముఖ్య కారణాలని వైద్యశాస్త్రం చెబుతున్నా, నింద మాత్రం నేటికీ ఆమె మీదకే వస్తుండటం విచారకరం.

మొదటి మెట్టు ధ్రువపత్రం

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం వైకల్యాలు 21. మస్తిష్క పక్షవాతం, ఆటిజం, మేధో వైకల్యం, కండరాల క్షీణత, ఒకటికి మించిన వైకల్యాలు కలిసి ఉండటం ఇందులోనివే. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్లు పత్రం ఉంటేనే ప్రధాన పథకాలు వర్తిస్తాయి. వైద్యుల నిర్ధారణ తర్వాత ఇచ్చే యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో పనికి వచ్చిన కుటుంబానికి ఇది ముఖ్యమైన విషయం. పింఛను సొంత రాష్ట్రం ఇచ్చేదే అయినా కార్డు మాత్రం ఎక్కడైనా కార్డే. చిన్నపిల్లలకు ఇచ్చే పత్రం చాలావరకు తాత్కాలికం. గడువు తేదీ చూసుకోకపోతే అందుతున్న సాయం ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఐటీ ఉద్యోగుల్లో పలువురు ‘మాకు పింఛను రాదు కదా’ అన్న భావనతో పత్రం జోలికే పోరు. ఇది పొరపాటు. ఆధారపడిన దివ్యాంగుల పోషణకు పాత పన్ను విధానంలో 75 వేల రూపాయలు, వైకల్యం 80 శాతం, అంతకుమించి ఉంటే 1.25 లక్షల రూపాయలు ఆదాయంలో మినహాయింపు లభిస్తుంది. నేషనల్ ట్రస్టు నిర్వహించే ‘నిరామయ’ ఆరోగ్య బీమాకూ ఆదాయ పరిమితి లేదు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏటా లక్ష రూపాయల వరకు రక్షణ ఇస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు. ఫిజియోథెరపీ వంటి చికిత్సల ఖర్చును కూడా నిర్ణీత పరిమితి మేరకు తిరిగి పొందవచ్చు. అయితే ఏటా పునరుద్ధరించుకోవాలి.

ఉచిత సేవలు ఊరికి ఆ చివర

ఐటీ కారిడార్ వెంట థెరపీ కేంద్రాలకు కొరత లేదు. గంటల లెక్కన రుసుము కట్టగలిగినవారికే అవి. ప్రభుత్వ రంగంలో పేరున్న సంస్థ సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్‌నగర్‌లో ఉంది. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా వ్యవహరిస్తున్నారు. ఆరేళ్లలోపు పిల్లల కోసం ఇక్కడ 2021 జూన్‌లో సత్వర చికిత్సా కేంద్రం ప్రారంభమైంది. మెదడు వేగంగా ఎదిగే వయసు అదే కాబట్టి, మెడ నిలపని బిడ్డను ‘మాటలు ఆలస్యం, మేనమామ పోలిక’ అంటూ రెండేళ్లు ఇంట్లో ఉంచితే ఆ కాలం తిరిగి రాదు. నిలోఫర్ ఆసుపత్రిలోనూ పిల్లల ఎదుగుదల లోపాలను పరీక్షించే కేంద్రం ఉంది.

చిక్కంతా దూరంతోనే. నార్సింగి నుంచి బోయిన్‌పల్లికి దాదాపు పాతిక కిలోమీటర్లు. 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమే. కానీ పదేళ్ల బిడ్డను భుజాన వేసుకుని రెండు బస్సులు మారే తల్లికి టికెట్ ఒక్కటే సమస్య కాదు. దినకూలీ కుటుంబానికి ఆటో ఖర్చుతోపాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. వారానికి రెండుసార్లు రమ్మంటే నెల తిరిగేసరికి మానేస్తారు. ఇందులో తల్లిదండ్రుల అశ్రద్ధ ఏమీ లేదు.

దగ్గరలో దొరికేది పాఠశాల విద్యాశాఖ పరిధిలోని ‘భవిత’ కేంద్రాలు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడుస్తున్న వీటిలో సహిత విద్య రిసోర్స్ పర్సన్లు పిల్లలకు శిక్షణ ఇస్తారు. కదలలేని పిల్లలకు ఇంటివద్దే విద్య పొందే అవకాశాన్ని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. బడిలో పేరున్న బిడ్డ విషయంలో ప్రధానోపాధ్యాయుడిని, పేరు లేకుంటే మండల విద్యాధికారిని అడగవచ్చు. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య 2016 చట్టం ఇచ్చిన హక్కు.

చట్టంలో ఉన్న మాట

ఇక సంరక్షకుల సంగతి. 2016 చట్టం 24వ సెక్షన్ అధిక సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యాన్ని ప్రస్తావించింది. దాన్ని తమ ఆర్థిక స్తోమత మేరకు అమలుచేసే పని ప్రభుత్వాలకు వదిలింది. కర్ణాటక 2024-25 బడ్జెట్‌లో మస్తిష్క పక్షవాతం, కండరాల క్షీణత వంటివి ఉన్నవారి సంరక్షకులకు నెలకు వెయ్యి రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2024లో సాధారణ దివ్యాంగుల పింఛనును 6 వేలకు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును 5 వేల నుంచి 15 వేలకు పెంచింది. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచినప్పుడు తీవ్రతతో నిమిత్తం లేకుండా ఒకే మొత్తం నిర్ణయించారు. కుంటుతూనైనా పనికి వెళ్లగలిగే యువకుడికీ, పక్క తిరగలేని బిడ్డకూ అదే పింఛను. రెండో ఇంట్లో తల్లి సంపాదన కూడా పోయిందన్న లెక్క అందులో లేదు. వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే ఉద్యోగినికి శిశు సంరక్షణ సెలవు నిరాకరించడం రాజ్యాంగ విధికి విరుద్ధమని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సెలవన్నదే లేని కూలీ తల్లికి ఆ తీర్పు అక్కరకు రాదు.

బిడ్డకు 18 ఏళ్లు నిండాక మరో చిక్కు ఎదురవుతుంది. అప్పటిదాకా సంతకం పెట్టిన తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సహజ సంరక్షకులుగా కొనసాగరు. బ్యాంకు ఖాతా, పింఛను, ఆస్తి వ్యవహారాల్లో ఆటంకాలు వస్తాయి. ‘మా తర్వాత ఎవరు’ అన్న బెంగ అప్పుడు రెట్టింపవుతుంది. నేషనల్ ట్రస్టు చట్టం-1999 పరిధిలోని నాలుగు వైకల్యాల వారికి కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకులను నియమిస్తుంది. తల్లిదండ్రులే కాక తోబుట్టువులు, బంధువులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. రంగారెడ్డి కలెక్టరేట్ 2022 ఆగస్టు నుంచి కొంగరకలాన్‌లో ఉన్నందున నార్సింగివాసులు అక్కడికే వెళ్లాలి. బిడ్డకు పదిహేడో ఏడు నడుస్తుండగానే వైకల్య ధ్రువపత్రం, వయసు, నివాస ఆధారాలు సిద్ధం చేసుకుంటే ఖాతా స్తంభించే పరిస్థితి రాకుండా చూసుకోవచ్చు.