పీర్ల చావిడి దగ్గర కలిసినవారు గడప దగ్గర ఆగిపోవాలా?

పరమత సహనం - పడమటి ప్రకాశం యువతరం

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల పల్లెల్లో మతాలు వేరైనా పిలుపులు కలిసే ఉంటాయి. సాయిబుల ఇంటి పెద్దను రెడ్ల ఇంటి కుర్రవాడు ‘మామా’ అంటాడు. దూదేకుల ఇంటి ఆడపడుచును పక్కింటి కమ్మరి పిల్లలు ‘అత్తా’ అని పిలుస్తారు. ఇది ఎవరో నేర్పితే వచ్చిన సహనం కాదు. ఒకే చెరువు కింద పండించుకుని, ఒకే సంతలో అమ్ముకుని, ఒకే పలకల గనిలో చెమటోడ్చిన వారికి అలవాటుగా అబ్బిన పొత్తు.

ఈ పొత్తు యువతరం చేతికి చెక్కుచెదరకుండా అందుతుందా అన్నదే ఇప్పటి ప్రశ్న. చదువుకు ఒంగోలు, పనికి హైదరాబాదు, బెంగుళూరు వెళ్తున్న పిల్లలకు చెరువుగట్టు, సంత, గని కలిపి ఉంచే బంధం లేదు. అక్కడ ఎవరితో కలవాలో ఎవరికి వారే తేల్చుకోవాలి.

చెరువు అడగలేదు, బావి అడిగింది

కంభం చెరువుకు 500 ఏళ్ల చరిత్ర ఉంది. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో కట్టినది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో దీనికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు లభించింది. ఈ చెరువు కింద సుమారు 10 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. తూము వదిలితే నీరు హిందువు పొలానికీ, ముస్లిం పొలానికీ, క్రైస్తవుడి పొలానికీ ఒకే తీరున పారుతుంది.

అయితే గతమంతా చల్లగా గడిచిందనుకుంటే పొరపాటే. చెరువు అడగని కులాన్ని ఊరి బావి అడిగింది. 1876-78 నాటి ధాత కరవులో జనం అల్లాడినప్పుడు, ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరవు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, ఇదే గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారిని నదిలోకి నడిపించింది ఆకలి ఒక్కటే కాదు, మనిషిగా చూడని ఊరి మీద విసుగు కూడా. సహనం గురించి మాట్లాడే యువకులు ఈ సంగతి మరువరాదు. మతాల మధ్య సహనం ఉన్న ఊళ్లలోనే కులాల మధ్య అది కరువై ఉండవచ్చు.

పండుగలో సులువే

కర్బలాలో ఇమాం హుస్సేను క్రీ.శ. 680లో అమరుడైన దుఃఖాన్ని తలచుకునే మొహర్రం ఈ సీమ పల్లెల్లో పీర్ల పండుగగా ఊరందరిదీ అయింది. హిందువులు పీర్లకు చక్కెర, బెల్లం చదివిస్తారు, మొక్కులు చెల్లిస్తారు. డప్పు మోగితే గుండం చుట్టూ అన్ని కులాల కుర్రకారూ ఆడుతుంది. ముస్లిం గడప లేని పల్లెల్లో సైతం పీర్లను ఎత్తే ఆచారం రాయలసీమలో ఉంది. నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగకూ అన్ని మతాల వారు వెళ్తారు.

ఈ పండుగలపై యువతలో రెండు రకాల ఆలోచనలున్నాయి. ముస్లిం యువకుల్లో కొందరు పీర్లను ఎత్తడం తమ ధర్మంలో లేదంటారు. హిందూ యువకుల్లో కొందరు మన పండుగ కానిదానికి మొక్కు ఎందుకంటారు. ఇలా అన్నవారిని ద్రోహులుగా చూడనవసరం లేదు. రాజ్యాంగం 25వ అధికరణం తన మనస్సాక్షి ప్రకారం నడుచుకునే స్వేచ్ఛను ప్రతివారికీ ఇచ్చింది. తాను మొక్కకపోవడం తన ఇష్టం. మొక్కేవాణ్ణి అడ్డుకోనంతవరకు అదీ సహనమే.

గడప దగ్గరే పరీక్ష

అసలు పరీక్ష పండుగనాడు కాదు, మిగిలిన రోజుల్లో వస్తుంది. అద్దెకు గది అడిగినప్పుడు, పక్కన కూర్చుని భోంచేసినప్పుడు, పెళ్లి మాట వచ్చినప్పుడు వస్తుంది.

అమెరికాకు చెందిన ప్యూ పరిశోధనా సంస్థ 2019-20లో దేశంలో దాదాపు 30 వేల మంది వయోజనులను ప్రశ్నించి 2021లో వివరాలు వెల్లడించింది. నిజమైన భారతీయుడు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో తమ ఆడపిల్లలు వేరే మతం వారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం మంది అన్నారు. దక్షిణాది హిందువుల్లో ఈ పట్టింపు కొంత తక్కువ. గౌరవం సరే, ఇంట్లోకి రావద్దన్నదే మొత్తం మీద జనం మాట. ‘మామా’ అని పిలిచిన ఇంటితో వియ్యమందడానికి మనసు ఒప్పదు.

ఇద్దరికీ ఇష్టమైతే చట్టం దారి మూయలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండిన అబ్బాయి, 18 నిండిన అమ్మాయి మతం మారకుండానే పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అంటిస్తారు. 30 రోజుల గడువు దాటాక ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. మతం వేరన్నది అభ్యంతరం కాజాలదు. ఇష్టం లేని తల్లిదండ్రులు రాకపోకలు మానుకోవచ్చునే గాని, బెదిరించడం, కొట్టడం కూడదని 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి జంటలకు రక్షణ కల్పించాలని పోలీసులను ఆదేశించింది.

చేతిలోని ఫోను

పూర్వం పుకారు ఊరు దాటేసరికి పొద్దుగూకేది. ఈలోగా నిజం తెలిసిన పెద్దమనిషి ఎవరో ఒకరు అడ్డుపడేవారు. నేడు ఎక్కడో జరిగిన గొడవ బొమ్మ, మన ఊరిదన్నట్టుగా, నిమిషంలో వందల ఫోన్లకు చేరుతోంది. దాన్ని పంపే వేలు ఎక్కువగా యువకులదే. మతాల మధ్య కావాలని పగ రగిల్చితే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహిత 196వ సెక్షను కింద 3 ఏళ్ల దాకా జైలుశిక్ష, జరిమానా లేదా రెండూ పడవచ్చు. కేసు పడితే ఉద్యోగానికీ, విదేశీ ప్రయాణానికీ ఆటంకమే. పంపేముందు ఆ ఊళ్లో తెలిసినవారికి ఒక్కసారి ఫోను చేసి అడగడం శ్రమ కాదు.

ఒకప్పుడు ఏ బడిలో చూసినా మార్కాపురం పలకే. దాని మీద ఓనమాలు దిద్దిన పిల్లవాడి మతం పలకకు పట్టలేదు. పెద్దలకు సహనం పనిలోంచి వచ్చింది. యువతరం దాన్ని ఎంచుకుని తెచ్చుకోవాలి. హాస్టలు గదిలో పక్క మంచం ఎవరికిస్తారు, అద్దె ఇంటికి వచ్చినవారి పేరు విని ముఖం మాడ్చుకుంటారా, దాహమన్నవారికి ఏ గ్లాసులో నీళ్లిస్తారు అన్న చిన్న విషయాల్లోనే అది తేలిపోతుంది.