విరిగిన పంటి వేరు మళ్లీ ఎదగవచ్చు

బొమ్మసంద్ర పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఆటల్లో పడినప్పుడు తరచుగా దెబ్బతినేవి పైవరుస ముందు పళ్లు. నొప్పి రెండు రోజుల్లో తగ్గగానే ఆ సంగతి మరుగున పడుతుంది. నెలల తరువాత పన్ను నల్లబడినా, చిగురుపై చీముపొక్కు లేచినా, పీకించివేయడమే మార్గమని తలచేవారున్నారు. ఎదిగే వయసులో అది తొందరపాటు నిర్ణయం కావచ్చు.

శాశ్వత దంతం నోట్లోకి వచ్చిన తరువాత దాని వేరు పూర్తిగా ఏర్పడడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. ఆ ఎదుగుదలకు ఆధారం పంటి లోపల రక్తనాళాలు, నరాలు గల మెత్తని దంతమజ్జ. దెబ్బవల్ల గాని, లోతైన పుచ్చువల్ల గాని మజ్జ చనిపోతే వేరు గోడలు పలుచగాను, కొన తెరుచుకొనియు మిగిలిపోతాయి. అటువంటి పంటికి మామూలు రూట్ కెనాల్ చేయడం కష్టం. చేసినా పలుచని వేరు తరువాత విరిగే ప్రమాదముంది.

ఇటువంటి పళ్లకోసం ఏర్పడినదే పునరుత్పాదక రూట్ కెనాల్ చికిత్స. రక్తపుగడ్డ ఆధారంగా కణజాలాన్ని పెంచే ప్రయోగాలను నైగార్డ్ ఓస్ట్‌బీ 1961లోనే వెల్లడించాడు. 2001లో జపాన్ వైద్యులు, 2004లో బాంక్స్, ట్రోప్‌లు ప్రకటించిన ఫలితాలతో ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది.

చికిత్స రెండు విడతలుగా సాగుతుంది. మొదటి విడతలో వేరు లోపలి భాగాన్ని మందునీటితో కడిగి, క్రిములను చంపే మందు ఉంచి తాత్కాలికంగా మూస్తారు. ఒకటి నుంచి నాలుగు వారాల తరువాత, ఇన్ఫెక్షన్ తగ్గితే, వేరు కొన దగ్గరి కణజాలం నుంచి కొద్దిగా రక్తం రప్పిస్తారు. అది గడ్డకట్టి, మూలకణాలు నిలిచి పెరిగేందుకు ఆధారమవుతుంది. దానిపై ప్రత్యేకమైన సిమెంటు వేసి పంటిని మూసివేస్తారు.

ఈ చికిత్సకు పరిమితులున్నాయి. కొత్తగా పెరిగేది చాలావరకు అసలు మజ్జ కాదు. ఇన్ఫెక్షన్ మానినా, ప్రతి పంటిలోను వేరు ఒకే విధంగా మందమవదు. పంటి రంగు మారవచ్చు. వేరు పూర్తిగా ఎదిగిన పెద్దలకు మామూలు రూట్ కెనాలే ఇప్పటికీ ప్రధాన మార్గం.

అద్దె ఇళ్లు, బడులు, ఊళ్లు మారే కుటుంబాలు గుర్తుంచుకోవలసినది మరొకటుంది. వేరు ఎదుగుదలను ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు ఎక్స్‌రేతో పరీక్షించాలి. రెండు విడతల నడుమ ఊరి ప్రయాణం పడకుండా చూసుకోవాలి. ఎక్స్‌రేలు, చికిత్స కాగితాలు వెంట ఉంచుకుంటే మరో ఊరి వైద్యుడు కూడా చికిత్సను కొనసాగించగలడు. బొమ్మసంద్ర నుంచి మెట్రో పసుపు మార్గంలో ఆర్.వి.రోడ్డు చేరి, ఆకుపచ్చ మార్గంలోకి మారి కె.ఆర్.మార్కెట్‌లో దిగితే, కోట ప్రాంతంలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల దగ్గరలోనే ఉంటుంది.

దెబ్బకు శాశ్వత దంతం ఊడివస్తే వేరును ముట్టక, పైభాగాన్ని పట్టుకోవాలి. మట్టి అంటితే చల్లని నీటితో కొన్ని క్షణాలు కడిగి, వెంటనే దాని స్థానంలో అమర్చాలి. వీలుకానిచో పాలలో ఉంచి, గంటలోపు దంతవైద్యుని చేరాలి. పాలపన్నును మాత్రం తిరిగి అమర్చరాదు.

పిల్లల శాశ్వత దంతాన్ని పీకించాలని ఎవరు చెప్పినా, దాని వేరు పూర్తిగా ఎదిగినదా, దానిని నిలుపుకొనే మార్గమున్నదా అని తల్లిదండ్రులు ముందుగా అడగాలి.