మల్బరీ గట్టు నుంచి రాజవస్త్రం దాకా

చైనాలోని నాన్‌జింగ్ నగరంలో నేసే జరీపట్టు పేరు ‘యున్‌జిన్’. మేఘాల వన్నెగల పట్టు అని దీని భావం. ఒకనాడు రాజవస్త్రాలకు వినియోగించిన ఈ నేతకు 5.6 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తుగల కొయ్య మగ్గం అవసరం. పైన కూర్చున్న పనివాడు నమూనా ప్రకారం పడుగు పోగులను ఎత్తగా, కింది నేతగాడు రంగుల పట్టును, బంగారు పోగులను, నెమలి ఈకల నూలును పేకగా నడుపుతాడు. మెళకువలు మరువకుండా పాటలుగా పాడుకుంటారు. రోజంతా శ్రమించినా తయారయ్యేది 5, 6 సెంటీమీటర్లే!

2009లో యునెస్కో ఈ నేతను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం చైనా మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం, పట్టు నేత కలిపి మరొక అంశంగా ఆ జాబితాకెక్కాయి. వ్యవసాయ విస్తరణ దృష్టితో చూస్తే ఈ రెండవ గుర్తింపే ఎక్కువ విలువైనది. ఏలనన, మల్బరీ తోట నిలవనిదే మగ్గానికి పోగు లేదు.

తాయ్ సరస్సుకు దక్షిణాన ఉన్న హుజౌ ప్రాంత రైతులు చెరువు గట్లపై మల్బరీని, చెరువులో చేపలను పెంచుతారు. పట్టుపురుగుల విసర్జితాలు చేపలకు మేత. చెరువు అడుగున పేరుకొన్న ఒండ్రు తిరిగి మల్బరీకి ఎరువు. ఈ సాగు పద్ధతిని 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ ప్రాముఖ్యంగల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.